పత్రి దేవుడికి, ప్రసాదం మనకి: పెరట్లో విషపు మొక్కలతో జాగ్రత్తలు

వినాయక చవితి వీడియోలో 21 పత్రాల గురించి చెప్పుకున్నాం కదా. ఆ వీడియోలో చెప్పకుండా వదిలేసిన విషయం ఒకటుంది. అది ఈ పాఠంలో చెప్తాను.

మాది తిమ్మాజిపేట. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను, పండగలకి మాత్రం తప్పకుండా ఊరికి పోతాను. మా పెరట్లో గన్నేరు, పచ్చ గన్నేరు, జిల్లేడు అన్నీ ఉన్నాయి. ఉమ్మెత్త గోడ పక్కన దానంతటదే మొలుస్తుంది.

ఒక చవితి రోజు పూజ అయిపోయాక, మిగిలిన పత్రిని ఉండ్రాళ్ళ పళ్ళెం పక్కనే పెట్టాం. కాసేపటికి మా అక్క కొడుకు, నాలుగేళ్ళ పిల్లాడు, "చేదు, చేదు" అంటూ ఉమ్ముతున్నాడు. చేతిలో సగం నమిలిన గన్నేరు ఆకు! పక్కింటి పెద్దమ్మ "ఉప్పు నీళ్ళు తాపుండ్రి, కక్కుతడు" అంది. అక్క తాపలేదు. నోరు తుడిచి, పుక్కిలింపజేసి ఆసుపత్రికి తీసుకుపోయాం. బావ గన్నేరు కొమ్మ ఒకటి విరిచి వెంట తెచ్చాడు. డాక్టరుగారు మొదట అడిగింది "ఏ ఆకు?" అనే. పిల్లాడి గుండె పరీక్ష చేసి, సాయంత్రం దాకా ఉంచుకుని పంపించారు. దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు.

ఇంటికి రాగానే నేను గొడ్డలి అడిగాను. అమ్మ అడ్డం నిలబడింది. "ఏండ్ల సంది పూజకు పూలిచ్చిన చెట్టు. తప్పు మనం చేసి, దాన్ని నరుకుతవారా?" అంది. ఆలోచిస్తే అమ్మ మాటే నిజం అనిపించింది.

ఏ మొక్కలో ఏముంది?

గన్నేరు (కరవీర పత్రం): ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నీ విషమే. గుండె కొట్టుకునే లయను దెబ్బతీస్తుంది. ఎండిన ఆకులోనూ విషం పోదు. కాలిస్తే ఆ పొగ కూడా మంచిది కాదు. పచ్చ గన్నేరు గింజ ఇంకా ప్రమాదం.

ఉమ్మెత్త (దత్తూర పత్రం): గింజల్లో విషం బాగా ఉంటుంది. తింటే నోరు ఎండిపోతుంది, కంటిపాప పెద్దదవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, మతి తప్పినట్టు మాట్లాడతారు.

జిల్లేడు (అర్క పత్రం): దీని పాలు కంట్లో పడకూడదు. మొదట నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు, చూపు మాత్రం మసకబారుతుంది. రథసప్తమి స్నానానికి ఆకులు కోసేటప్పుడు పాలు కారిపోనిచ్చి, కడిగి వాడండి.

గురివింద: లక్ష్మీపూజలో పెట్టే ఎర్ర గింజ. పైపెంకు గట్టిది కాబట్టి పగలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. నమిలితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఎలా మింగినా డాక్టరుకి చూపించాల్సిందే.

మరి పూజలో వాడొచ్చా?

వాడొచ్చు. పత్రిని దేవుడికి సమర్పించి, నిమజ్జనం చేస్తాం. నైవేద్యం పెట్టింది ప్రసాదంగా తింటాం. ఈ తేడా పెద్దలు మొదటి నుంచీ పెట్టిందే, దాన్ని కలిపేసింది మనం. 2024 మే నెలలో కేరళలో తిరువాంకూర్, మలబార్ దేవస్వం బోర్డులు తమ ఆలయాల్లో నైవేద్యానికి, ప్రసాదానికి గన్నేరు పువ్వు వాడొద్దని నిర్ణయించాయి. గన్నేరు తిని ఒక యువతి చనిపోయిందన్న అనుమానం వచ్చాక ఈ నిర్ణయం తీసుకున్నారు. మిగతా పూజలకు మాత్రం నిషేధం పెట్టలేదు.

మా ఇంట్లో ఇప్పుడు పాటిస్తున్నవి

1. పత్రి పళ్ళెం వేరు, నైవేద్యం పళ్ళెం వేరు. ప్రసాదం మీద తులసి తప్ప వేరే ఆకు, పువ్వు వేయం.
2. పత్రి కోసినవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే వంటింట్లోకి వస్తారు.
3. పచ్చ గన్నేరు కాయలు, ఉమ్మెత్త కాయలు ఎప్పటికప్పుడు తెంపేస్తాం.
4. వాడిన పత్రిని మేకలు, పశువులు తిరిగే చోట పారేయం. గన్నేరు వాటికీ విషమే. గుంత తీసి పూడ్చేస్తాం.
5. పిల్లలకి ప్రతి మొక్క పేరు చెప్పి, "ఇది దేవుడికి, మనం తినేది కాదు" అని నేర్పిస్తాం.

పొరపాటున తింటే

నోట్లో మిగిలింది తీసేసి, నీళ్ళతో పుక్కిలింపజేయండి. ఉప్పు నీళ్ళు, చింతపండు పులుసు తాగించి కక్కించొద్దు. బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి, ఆ మొక్క కొమ్మో ఫొటోనో వెంట తీసుకెళ్ళండి. కంట్లో పాలు పడితే కనీసం 15 నిమిషాలు మంచినీళ్ళతో కడిగి, కంటి డాక్టరు దగ్గరికి పొండి.

శివయ్య హాలాహలాన్ని మింగలేదు, లోకం మీదికి వదలనూ లేదు. గొంతులోనే నిలిపి ఉంచాడు. ఎక్కడ ఉండాల్సింది అక్కడ ఉంటే విషంతోనూ బతకొచ్చని నేను దాన్ని అర్థం చేసుకున్నాను. మా గన్నేరు చెట్టు ఇప్పటికీ పూస్తోంది. మేనల్లుడు దాని దగ్గరికి వెళ్ళి, "ఇది దేవుడిది" అని మాకే చెప్తున్నాడు.

ఈ పండక్కి మీ ఇంట్లో పళ్ళేలు వేరు చేయండి. ఓం నమః శివాయ.