విమానం 15న, బస్సు 14న

ప్రశ్న: మాది మస్కి దగ్గర క్యాంపు. తుంగభద్ర కాలువ కింద సాగుకని మా తాతగారి కాలంలో వచ్చి స్థిరపడ్డాం. విమానాశ్రయానికి వెళ్లే బస్సులు, క్యాబుల బుకింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఇంటి నుంచే చూసుకుంటున్నాను. రోజూ ఒకటే ఫిర్యాదు: డబ్బు కట్టయింది, టికెట్ రాలేదు. పాత కోడ్ తీసేసి మొత్తం కొత్తగా రాయనా?

జవాబు: ఇప్పుడే వద్దు. పాత కోడ్‌లో ఎవరెవరో ఏళ్ల తరబడి చేసిన దిద్దుబాట్లుంటాయి. ఏది ఎందుకు పెట్టారో తెలియకుండా తీసేస్తే ఆ తప్పులే మళ్లీ మొదలవుతాయి. ముందు డబ్బు కట్టడానికీ టికెట్ రావడానికీ మధ్య ఏం జరుగుతోందో చూడండి. డబ్బు కట్టకముందే ప్రతి బుకింగ్‌కూ ఒక నంబరు ఇచ్చి, పేమెంట్ గేట్‌వేకి అదే పంపండి. గేట్‌వే నుంచి కబురు రెండుసార్లు వచ్చినా ఆ నంబరు మీద ఒక్క టికెట్టే రావాలి. అసలు రాకపోతే, సీటు వదిలేసేముందు మీ ప్రోగ్రామే గేట్‌వేని అడిగి తెలుసుకోవాలి. రోజూ రాత్రి గేట్‌వే లెక్కనీ మీ టికెట్ల లెక్కనీ సరిచూస్తే, ఫిర్యాదు వచ్చేలోపే తేడా మీకు తెలిసిపోతుంది.

మీ ఊరివాళ్లని ఇంకా ఎక్కువ ఇబ్బంది పెట్టేది బస్సు తేదీ. 2008 మార్చిలో హైదరాబాద్‌కి శంషాబాద్, మేలో బెంగళూరుకి దేవనహళ్లి విమానాశ్రయాలు మొదలయ్యాయి. పాతవైన బేగంపేట, హెచ్‌ఏఎల్ విమానాశ్రయాల నుంచి రోజువారీ విమానాలు ఆగిపోయాయి. నగరం నుంచి విమానాశ్రయానికి చేరడమే ఒక ప్రయాణమైంది కాబట్టే హైదరాబాద్‌లో పుష్పక్, బెంగళూరులో వాయు వజ్ర బస్సులు నడుస్తున్నాయి. విదేశాలకు వెళ్లే విమానాలు చాలా అర్ధరాత్రి దాటాక ఉంటాయి. 14 అర్ధరాత్రి దాటి 15 వచ్చాక ఒంటిగంటన్నరకు శంషాబాద్‌లో విమానమంటే మస్కిలో 14 మధ్యాహ్నానికల్లా బయల్దేరాలి. విమానం టికెట్ మీద 15 చూసి, బస్సుకీ 15 నొక్కేసే పెద్దవాళ్లని తప్పుపట్టలేం. అడిగే తీరు మార్చాల్సింది మీరే. విమానం ఏ రోజు, ఎన్ని గంటలకో అడిగి, బస్సు తేదీ ప్రోగ్రామే లెక్కగట్టి చూపాలి. సర్వర్ గ్రీనిచ్ సమయంలో నడుస్తుంటే మన తెల్లవారుజాము 5:30 దాకా దానికి ముందు రోజే. కొత్త మార్పు వదిలే ప్రతిసారీ అర్ధరాత్రి నుంచి 5:30 లోపు బస్సులతో తప్పక పరీక్షించండి. ఇవన్నీ కుదుటపడ్డాక, కొత్తగా రాయాలనిపిస్తే ఒక్కో భాగమే మార్చుకుంటూ రండి.

ప్రశ్న: విమానాశ్రయం బస్సుకి మా అమ్మాయి యూపీఐలో కట్టిన డబ్బు పోయింది, టికెట్ రాలేదు. ఏం చేయాలి? (లింగసుగూరు నుంచి ఒక తల్లి)

జవాబు: కంగారుపడకండమ్మా. ఆ చెల్లింపు గుర్తింపు నంబరు (యూటీఆర్) రాసి పెట్టుకోండి. డబ్బు అందినట్టు అమ్మినవాళ్లకి ఖరారు రాకపోతే, రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు ఉత్తర్వు ప్రకారం 5 రోజుల్లో అది మీ ఖాతాకి తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి. డబ్బు వాళ్లకి చేరి ఉంటే టికెట్ అమ్మినవాళ్లనే అడగాలి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతక్కండి, ఆ యాప్‌లో ఉన్నదానికే ఫోన్ చేయండి. డబ్బు వెనక్కి వేస్తామని ఎవరడిగినా పిన్ చెప్పకండి. బ్యాంకుకి ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయవచ్చు. దానికి రుసుమేమీ లేదు.