పాత పియానో రిబ్‌లు ఊడితే: జిగురు కంటే ముందు గాలిలో తేమ చూడాలి

పాత నిలువు పియానోలో కొన్ని మెట్లు నొక్కినప్పుడు మాత్రమే స్వరంతో పాటు ‘జుర్ర్’మనే మోత వినిపిస్తుంటుంది. ఒక్కోసారి అది పియానో మీద పెట్టిన ఫొటో ఫ్రేము చప్పుడే కావచ్చు. ఫ్రేము తీసినా మోత ఆగకపోతే, పియానోను గోడ నుంచి జరిపి వెనుక వైపు చూడాలి. లావుపాటి నిలువు స్తంభాల చాటున పెద్ద చెక్క పలక, దానికి ఏటవాలుగా అతికించిన సన్నని పట్టీలు కనిపిస్తాయి. పలకను సౌండ్‌బోర్డు అంటారు, పట్టీలను రిబ్‌లు అంటారు.

సన్నని తీగ ఒంటరిగా కదిలితే గాలిని పెద్దగా కదిలించలేదు. దాని కంపనాన్ని బ్రిడ్జ్ ద్వారా అందుకుని గదికి వినిపించేది సౌండ్‌బోర్డే. సాధారణంగా స్ప్రూస్ కర్రతో, సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందంతో దీన్ని తయారుచేస్తారు. స్ప్రూస్ నార పొడవునా ఎంత బిగువుగా ఉంటుందో, నారకు అడ్డంగా అంత మెత్తన. తేడా పది రెట్లకు పైనే. ఆ లోటు పూడ్చడానికే రిబ్‌లను నారకు అడ్డంగా అతికిస్తారు. తీగల ఒత్తిడికి పలక కుంగకుండా దానికి కొద్దిపాటి ఉబ్బు ఇచ్చేవీ అవే.

చిక్కంతా ఆ ‘అడ్డం’లోనే ఉంది. హైదరాబాద్‌లో ఎండాకాలం మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం కంటే తగ్గడం మామూలే. వానాకాలంలో 80 శాతం దాటే రోజులుంటాయి. చాలాకాలం 30 శాతం ఆర్ద్రతలో ఉన్న కర్రలో, దాని పొడి బరువులో దాదాపు 6 శాతం నీరు ఉంటుంది. 80 శాతం ఆర్ద్రతలో అది దాదాపు 16 శాతానికి చేరుతుంది. కర్రలో పెరిగే ప్రతి 1 శాతం నీటికి సౌండ్‌బోర్డు నారకు అడ్డంగా సుమారు 0.15 శాతం వ్యాకోచిస్తుంది. అంటే మీటరు వెడల్పు పలక, స్వేచ్ఛగా వదిలేస్తే, 15 మిల్లీమీటర్లు పెరగాలి! ఇంటి లోపల తేడా ఇంత ఉండకపోవచ్చు, కానీ దిశ ఇదే. రిబ్‌లో నార దాని పొడవునా సాగుతుంది కాబట్టి అది ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. పలక పెరుగుతానంటుంది, రిబ్ కదలనంటుంది. మధ్యలో నలిగేది జిగురు. ఏటేటా ఇలా నలిగి, ఒకచోట వదిలేస్తుంది. ఆ సందులో పలక, రిబ్ ఒకదాన్నొకటి కొట్టుకోవడమే మనం విన్న మోత.

పలకలో చీలిక కనిపించగానే పియానో పని అయిపోయిందని అమ్మేసేవారున్నారు. తొందరపాటు. రిబ్‌లు గట్టిగా పట్టుకుని ఉంటే చీలిక ఒక్కటే సాధారణంగా మోత చేయదు. ఒకరు ఆ మెట్టును నొక్కుతుంటే మరొకరు వెనుక నుంచి ఒక్కో రిబ్‌ను వేలితో అదమాలి. మోత ఆగిన చోటే లోపం. పలుచని కాగితాన్ని సందులోకి దూర్చితే ఎంత మేర ఊడిందో తెలుస్తుంది.

అతికించే పని సూటిగానే ఉంటుంది. సందులోని దుమ్ము తీసి, పలుచని బ్లేడుతో జిగురు లోపలికంటా నెట్టి, స్తంభానికీ రిబ్‌కూ మధ్య చెక్కముక్క బిగించి ఒక రోజు వదిలేయాలి. బలంగా బిగిస్తే పలక తీగల మీదికి వస్తుంది. సందు మూసుకుంటే చాలు. స్తంభం అందని చోట మరలు కావాలి, అది పియానో మెకానిక్ పని. జంతుచర్మం నుంచి తీసిన పాతకాలపు జిగురే నా ఓటు: అదే రకం పాత జిగురు మిగిలి ఉన్నా దానికి అతుక్కుంటుంది, వేడి, తడి తగిలితే మళ్లీ విడదీయవచ్చు. ఎపాక్సీతో అతికిస్తే, తర్వాత విప్పాల్సి వచ్చినప్పుడు కర్రే చీరుకుపోవచ్చు.

అయితే ఏ నెలలో అతికిస్తున్నామన్నది అంతకంటే ముఖ్యం. జోరు వానల్లో ఉబ్బిన పలకకు రిబ్ బిగిస్తే, ఎండాకాలంలో పలక ముడుచుకోబోతుంది, రిబ్ ముడుచుకోనివ్వదు. నారకు అడ్డంగా లాగితే స్ప్రూస్ తేలిగ్గా చీలుతుంది. పొడిగా ఉన్నప్పుడు అతికిస్తే, వానల్లో పలక వ్యాకోచించి ఉబ్బుతుంది. తయారీదారులు రిబ్‌లు అతికించే ముందు పలకను ఆరబెట్టేది ఇందుకే. మరీ ఎండిన పలకా మంచిది కాదు, వానల్లో నార నలిగిపోతుంది. గదిలో ఆర్ద్రత 40, 45 శాతం దగ్గర రెండు మూడు వారాలు నిలకడగా ఉన్నాక మొదలుపెట్టడం మేలు. శ్రుతి చేయించడం మాత్రం మరమ్మతు తర్వాత కొన్ని వారాలు ఆగి పెట్టుకోవాలి, పలక ఉబ్బు మారితే తీగల బిగువూ మారుతుంది మరి.