అమ్మ చెంబు, ఆర్వీ ప్రయాణం

మా ఆర్వీ ప్రయాణం ముచ్చట మీతో చెప్పుకోవాలని ఎన్నాళ్లుగానో మనసు పీకుతోంది.

మా అమ్మ తణుకు నుంచి డల్లాస్‌కి ఆర్నెల్లకని వచ్చింది. అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. వచ్చిన కొత్తలో హ్యూస్టన్ మీనాక్షి గుడికి కార్లో తీసుకెళ్లాం. దారి పొడుగునా గుక్కెడు నీళ్లు తాగలేదు. "దాహం లేదమ్మా" అంది, నేనూ నమ్మేశాను. రాత్రి ఇంటికొచ్చి తలనొప్పితో పడుకున్నాక అసలు సంగతి బయటపెట్టింది. దారిలో బాత్రూంకి వెళ్లాల్సొస్తుందేమోనని భయమట. గ్యాస్ స్టేషన్లలో కాగితాలతో సరిపెట్టుకోవడం ఆవిడకి రాదు. పైగా "నాకోసం బండి ఆపమని అల్లుడుగారిని ఎలా అడగనూ?" అంది. నా ప్రాణం ఉసూరుమంది. మన వెనక సీట్లో ఇలా నోరు కట్టుకుని కూర్చున్న అమ్మలు ఎంతమందో!

అందుకే అక్టోబరులో ఆర్వీ అద్దెకు తీసుకున్నాం. ఇరవై అయిదు అడుగుల బండి, మామూలు కారు లైసెన్సు చాలు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూం అన్నీ అందులోనే. ఎక్కగానే అమ్మ సంచిలోంచి స్టీలు చెంబు తీసి బాత్రూం సింకు పక్కన పెట్టుకుంది. ఆ చెంబు చూశాకే నా మనసు కుదుటపడింది. బండి కదులుతుంటే ఎవరూ సీటు బెల్టు తీసి లేవకూడదు. కాబట్టి రెండు గంటలకోసారి ఆపాలని బయల్దేరకముందే నియమం పెట్టుకున్నాం. ఆవిడ ఇక నోరు తెరిచి అడగక్కర్లేదు. అమరిల్లో చేరేలోపే మంచినీళ్ల సీసా ఖాళీ చేసేసింది.

అల్బుకర్కీలో మా పిన్ని కూతురి ఇంటి ముందే బండి పెట్టాం. భోజనాలయ్యాయి, కబుర్లయ్యాయి, పదింటికల్లా అమ్మ వచ్చి తన మంచం మీద హాయిగా నడుం వాల్చింది. వాళ్ల పిల్లల గది ఖాళీ చేయించామే అన్న మొహమాటం లేదు. తెల్లారి చెల్లెలే కాఫీ పట్టుకుని మా బండిలోకొచ్చి, "పెద్దమ్మా, మీ ఇల్లు బాగుంది" అంది. అమ్మ ముఖంలో ఆ సంతోషం మీరు చూడాల్సింది!

ఆరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్కుకి వెళ్లాం. 20 కోట్ల ఏళ్లకు పైబడిన చెట్లు, రాళ్లైపోయి నేల మీద పడి ఉంటాయి. అప్పట్లో నదులు కొట్టుకొచ్చిన మానుల్ని బురద కప్పేసింది. నీళ్లలో కరిగిన సిలికా కలపలోకి ఇంకి రాయిగా గట్టిపడింది. అమ్మ ఒక మాను మీద చెయ్యేసి, "కర్రేనే ఇది, బెరడు కూడా తెలుస్తోంది" అని మళ్లీ మళ్లీ తడిమింది. ముక్క కూడా తీసుకెళ్లకూడదు. తీసుకెళ్లినవాళ్లు కొందరు తర్వాత మనసొప్పక, క్షమించమని ఉత్తరం రాసి మరీ వెనక్కి పంపుతుంటారు. ఏ చోటి నుంచి తీశారో తెలీదు కనక పార్కువాళ్లు వాటిని విడిగా కుప్ప పోస్తారు.

గ్రాండ్ కాన్యన్‌లోకి తూర్పు వైపు నుంచి, డెజర్ట్ వ్యూ దగ్గర ప్రవేశించాం. అక్కడ 70 అడుగుల రాతి బురుజు ఉంది. 1932లో పూర్తయిన ఆ కట్టడాన్ని రూపొందించింది మేరీ కోల్టర్ అనే మహిళా ఆర్కిటెక్ట్. అప్పటికే ఆవిడకి అరవై దాటాయి. ఆ మాట చెప్తే అమ్మ బురుజు వంక తలెత్తి చాలాసేపు చూసింది. తర్వాత లోయలోకి చూసింది. మైలు లోతున సన్నటి గీతలా కొలరాడో నది. గోదారి నీళ్లు తాగి పెరిగిన మనిషి కదా, "ఇంత సన్నటి ఏరా ఈ కొండలన్నీ కోసింది?" అంది. ఆ తర్వాత గట్టు మీది కటకటాలు పట్టుకుని మాట్లాడకుండా నిలబడిపోయింది. నేనూ కదిలించలేదు.

రాత్రి అక్కడే ట్రైలర్ విలేజ్ అనే ఆర్వీ పార్కులో మకాం. ఆ ఎత్తులో అక్టోబరు చలి ఎముకలు కొరుకుతుంది. మా బండికి కరెంటు 30 ఆంప్సే. మైక్రోవేవ్, రైస్ కుక్కర్, హీటర్ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. పప్పు పోపు వేసేముందు కిటికీలు తెరవండి, లేదంటే పొగ అలారం ఊరంతా లేపుతుంది. మురుగు ఖాళీ చేసేటప్పుడు ముందు టాయిలెట్ ట్యాంకు, తర్వాత సింకు నీళ్ల ట్యాంకు వదలాలి. ఆ నీళ్లతో గొట్టం కడుక్కుపోతుంది. ఆ పని మా ఆయనా అబ్బాయీ చూసుకున్నారు. మీ ఇంట్లోనూ అలాగే పంచుకోండి, వంటా గొట్టమూ రెండూ నెత్తిన వేసుకోకండి.

వచ్చేటప్పుడు ఫీనిక్స్‌లో స్నేహితురాలింట్లో ఒక పూట ఆగి, గోంగూర పచ్చడితో అన్నం తిని ఇంటిదారి పట్టాం.

ఖర్చు తక్కువేం కాదు. గ్యాలన్‌కి ఎనిమిది, పది మైళ్ల కంటే ఎక్కువ పోదు ఆ బండి. అయినా ఒక్క రూపాయి కూడా వృథా అయిందని నాకు అనిపించలేదు.

మీ అమ్మగానీ అత్తగారుగానీ వస్తుంటే, టికెట్లు తీసుకోగానే ఆర్వీ పార్కులో చోటు కూడా చూసి పెట్టుకోండి, అవి నెలల ముందే నిండిపోతాయి. దారిలో ఆవిడ దాహం లేదంటే మాత్రం నమ్మకండి. బండి ఆపి, ఇంకోసారి అడగండి.