గొలుసు పోయిన అమ్మాయి, పట్టుబడ్డ కుర్రాడు

గణపవరం

అమ్మడూ,

నువ్వు రాత్రి పంపిన మెసేజ్ చదివాను. ఫోన్లో చెప్పేస్తే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను. తొందర పని గనక ముందు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిస్తాను. కాగితం పోస్టులో వస్తుంది, దాచుకో.

మీ రూమ్మేటు బంగారు గొలుసు పోయింది. మెస్‌లో వడ్డించే కుర్రాడి మీద అనుమానం వచ్చింది. మొన్న సాయంత్రం పోలీసులొచ్చి అతన్ని తీసుకుపోయారు. హాస్టలంతా హమ్మయ్య అనుకుంది, నీకొక్కదానికే నిద్ర పట్టడం లేదు. "వాడి తరఫున మాట్లాడితే నా స్నేహితురాలికి ద్రోహం చేసినట్టవుతుందా మావయ్యా?" అని అడిగావు.

అవదు. తాడేపల్లిగూడెం కోర్టులో ప్లీడరు గుమాస్తాగా బతుకంతా కేసు కట్టలు మోసినవాణ్ణి, ఈ మాట ఊరికే అనడం లేదు. మన కొల్లేటి చెరువుల మీద మోటారు పోతే ముందు పట్టుకునేది రాత్రి కాపలా కుర్రాణ్ణే. కొట్టడానికి అతను చేతికి అందుతాడు. మోటారు దొరుకుతుందా అంటే అది వేరే సంగతి.

ఇబ్రహీంపట్నం హాస్టల్ కేసు గురించి నువ్వు వినే ఉంటావు. 2007 డిసెంబరు చివర్లో విజయవాడ పక్కన ఒక లేడీస్ హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయిని అత్యాచారం చేసి చంపేశారు. ఆమె పేరు రాష్ట్రమంతటికీ తెలుసు. అయినా అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టకూడదని చట్టం ఉంది, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్. అందుకని నేను రాయను, నువ్వూ ఎక్కడా రాయకు. పోలీసుల మీద ఒత్తిడి పెరిగింది. 2008 ఆగస్టులో నందిగామ వైపు కుర్రాడు సత్యంబాబును అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. తల్లిదండ్రులు మాత్రం మా బిడ్డను చంపింది ఇతను కాదని చెబుతూనే వచ్చారు. ఎవరూ చెవిన పెట్టలేదు.

2017 మార్చి 31న హైకోర్టు సత్యంబాబును నిర్దోషి అంది. లక్ష రూపాయలు ఇవ్వమంది, దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోమంది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా అతని వయసు జైల్లో కరిగిపోయింది. ఇక అమ్మాయి సంగతి చూడు. 2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించేసరికి, ఆధారాలు విజయవాడ కోర్టులోనే ధ్వంసమైపోయాయని బయటపడింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి, మిగిలిన ఎముకలకు మళ్ళీ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఇవాళ్టికీ ఆ హత్యకు ఎవరికీ శిక్ష లేదు.

అందుచేత నేను చెప్పేది ఇంతే. తప్పు మనిషి దొరికిన క్షణాన అసలు మనిషి కోసం వెతకడం ఆగిపోతుంది. ముద్దాయి హక్కుల్ని తొక్కేసి కట్టిన కేసులో బాధితురాలికే ఎక్కువ నష్టం. కోనసీమ కందికుప్పలో పుట్టిన న్యాయవాది బొజ్జా తారకం గారు "పోలీసులు అరెస్టు చేస్తే" అని మామూలు జనం కోసం పుస్తకం రాశారు. దళితుల ఊచకోత జరిగిన కారంచేడు, చుండూరు బాధితుల వెంట నిలిచిందీ ఆయనే. ఆ రెండు పనులకూ పొంతన లేదని ఆయనెప్పుడూ అనుకోలేదు.

ఇక నీ పని. ముందు ఆ కుర్రాడి వయసు కనుక్కో. పద్దెనిమిది నిండకపోతే అతన్ని లాకప్‌లో పెట్టనే కూడదు, బాలల న్యాయమండలి ముందుకు తీసుకెళ్ళాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. నిండి ఉంటే లెక్క ఇది: అరెస్టు చేసినవాణ్ణి, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అది రాజ్యాంగం 22వ అధికరణం. మొన్న సాయంత్రం పట్టుకెళ్ళారంటే ఆ గడువు దాటిపోయింది. అరెస్టు చూపించకుండా స్టేషన్లో కూచోబెట్టుకునే అధికారం ఎవరికీ లేదు. ఎందుకు పట్టుకున్నారో అతనికి చెప్పాలి, ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్ళకు కబురు చేయాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాలన్నీ విడమరిచి రాసింది. మనుషులు నివసించే చోట దొంగతనానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్ళు. అలాంటి కేసుల్లో అరెస్టు తప్పనిసరి కాదు, ముందు నోటీసు ఇచ్చి పిలవవచ్చు. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు అదే చెప్పింది, కొత్త నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షన్లోనూ అదే ఉంది. ఇంకొకటి: దెబ్బలు కొట్టి "నేనే తీశాను" అనిపించినా, పోలీసుల దగ్గర ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు.

ఇప్పుడు నీ స్నేహితురాలు. ఆమె ఏడుపు చిన్నది కాదు, ఆ గొలుసు వెనక వాళ్ళమ్మ కష్టం ఉంటుంది. ఆమెతో చెప్పు: వార్డెన్ నోటిమాట మీద వదిలేయకుండా తనే కాగితం మీద ఫిర్యాదు రాయాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోమను. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఆమెకు తెలియజేయాలి. గొలుసు దొరికితే కేసు తేలేదాకా అది స్టేషన్ బీరువాలో మగ్గక్కర్లేదు, మేజిస్ట్రేటు దగ్గర పిటిషన్ వేసి తెచ్చుకోవచ్చు. విలువైన వస్తువులు ఏళ్ళ తరబడి ఉంచుకోవద్దని 2002లో సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేను అలాంటి పిటిషన్లు ఎన్నో రాయించాను.

మూడోది నువ్వు. సాక్షిగా పిలిచి స్టేషన్‌కు రమ్మంటే వెళ్ళాలన్న నిర్బంధం లేదు. ఆడవాళ్ళని వాళ్ళుండే చోటే విచారించాలి. నువ్వు చెప్పింది రాసుకున్నా దాని మీద సంతకం పెట్టకు, పెట్టించకూడదని చట్టం. తెల్లకాగితం మీద అసలే వద్దు. చూసింది చెప్పు, విన్నది విన్నానని చెప్పు, ఊహించింది నీ దగ్గరే ఉంచుకో. నోరు విప్పితే సర్టిఫికెట్లు ఆపేస్తామని ఎవరైనా బెదిరిస్తే భయపడకు. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. నీ మీద సీనియర్ల చేత కక్ష తీర్చుకోవాలని చూస్తే ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచీ మన రాష్ట్రంలో ఉంది. ఫిర్యాదు అందినా కదలని ప్రిన్సిపాల్ మీదా ఆ చట్టం వేలు చూపుతుంది.

లాయరు ఖర్చు గురించి దిగులు వద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకూ, కస్టడీలో ఉన్నవాళ్ళకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. అంటే నీ స్నేహితురాలికీ, ఆ కుర్రాడికీ తలుపు ఒకటే. 15100కి ఫోన్ చేస్తే చాలు. మనవైపు అయితే ఏలూరు కోర్టు ఆవరణలో న్యాయసేవల ఆఫీసు ఉంది, మీ జిల్లా కోర్టులోనూ అలాంటిదే ఉంటుంది.

కొన్ని చేయకూడని పనులు కూడా చెబుతాను. ఆ కుర్రాడి ఫోటో హాస్టల్ గ్రూపులో ఎవరైనా దొంగ అని పెడితే తీయించు. రేపు అతను నిర్దోషి అని తేలినా ఆ ఫోటో అతని ఊళ్ళో తిరుగుతూనే ఉంటుంది. అతను తీయలేదని మాత్రం నువ్వు వాదించకు, అది నీకు తెలియదు. నిజంగా అతనే తీసి ఉంటే కోర్టు శిక్ష వేస్తుంది, వేయాలి కూడా. నువ్వడిగేది పద్ధతి. పద్ధతి ప్రకారం నడిచిన కేసు పై కోర్టులో కూలిపోదు, నీ స్నేహితురాలికి అదే ఎక్కువ రక్ష.

ఈ ఉత్తరం ముందు ఆమెకు చదివి వినిపించు. ఆమె ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి. ఆమె కోపగించుకుంటే కోపగించుకోనీ, ఆ కోపం తగ్గేదాకా 15100కి ఫోన్ ఆగకూడదు, నువ్వొక్కదానివే చెయ్యి. మధ్యాహ్నంలోగా సంగతేమిటో నాకు తెలియజేయి. అవసరమైతే మా పాత ప్లీడరు గారితో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మావయ్య