డొక్కా సీతమ్మ

రేపల్లెకు చేరువనున్న పెనుమూడి వద్ద కృష్ణపై వంతెన లేని దినములలో దివిసీమకు పోవువారు పడవకై వేచియుండెడివారు. పడవ తప్పినచో ఆ పూట అన్నమెక్కడ? తెనాలి, బాపట్లల నుండి వచ్చిన బాటసారులకును ఇదే చింత. గోదావరి లంకలలోను ఇట్టి యిబ్బందియే యుండెడిది. అయితే అచ్చట వైనతేయ తీరమున, లంకల గన్నవరమున, ఆకలిగొన్నవారికెల్ల తెలిసిన యిల్లొకటి కలదు. అది డొక్కా సీతమ్మగారి యిల్లు.

ఆమె 1841లో మండపేటలో జన్మించెను. తండ్రి అనుప్పిండి భవానీశంకరముగారు. వచ్చినవారికెల్ల బువ్వ పెట్టుటచే ఊరివారు ఆయనను బువ్వన్న యని పిలిచెడివారు. గన్నవరపు రైతు డొక్కా జోగన్నగారు ఒకనాడు వేళ మించి ఆ యింట అతిథియై, బాలిక వినయమును జూచి, పిమ్మట ఆమెను వివాహమాడెను.

అత్తవారింటను పొయ్యి ఆరలేదు. వచ్చినవారి కులమును గాని, వచ్చిన వేళను గాని ఆమె యడుగలేదు. అర్ధరాత్రమున మరల కట్టెలు రాజేయుట యెంత శ్రమయో మీ యింటి పెద్దల నడుగుడు.

అంతర్వేది నరసింహస్వామిని దర్శింపవలెనని ఆమెకు చిరకాలపు కోరిక. అతిథుల రాక యెడతెగమి అది తీరలేదు. తుదకొకనాడు పల్లకి యెక్కి బయలుదేరెను. దారిలో బోయీలు అలసట తీర్చుకొనుచుండగా, పెండ్లివారి గుంపొకటి అచ్చట నాగినది. ఆకలికి ఏడ్చుచున్న పిల్లలతో పెద్దలు, "ఇంకెంతో దూరము లేదు. గన్నవరము చేరినచో సీతమ్మగారు కడుపునిండ పెట్టుదురు" అనుచుండిరి. పల్లకిలో నున్నది ఆమెయే యని వారెరుగరు. ఆమె మారుమాటాడక పల్లకిని వెనుకకు మరలింపించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి, వంట చేయించి, వాకిట నిలిచెనని చెప్పుదురు.

ఆ కాలముననే జర్మనీలోని ఆల్టోటింగ్ పట్టణమున కొన్రాడ్ అను కతోలిక సన్న్యాసి 41 సంవత్సరములు మఠద్వారమున నుండి, గంట మ్రోగినప్పుడెల్ల తలుపు తీసి బీదలకు రొట్టె నిచ్చెను. 1894లో మరణించిన ఆయనను 1934లో పునీతునిగా ప్రకటించిరి. ఒకరి నొకరు ఎరుగని ఈ యిద్దరును చేసిన పని యొక్కటియే.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకమునకై తన ఛాయాచిత్రము కావలెననగా సీతమ్మగారు మొదట సమ్మతింపలేదట. చిత్రము లేనిచో తన కొలువు పోవునని వచ్చినవాడు మొరపెట్టుకొనగా, అతని బువ్వ పోరాదని మాత్రమే కూర్చుండెనట.

ఆమె 1909 ఏప్రిల్ 28న పరమపదించెను. గన్నవరము వద్ద వైనతేయను దాటు కాలువ వంతెన కామె పేరు పెట్టిరి. ఆంధ్రప్రదేశ్ పాఠశాలలలో మధ్యాహ్నము పెట్టు భోజనమునకును 2024లో ఆమె పేరే పెట్టిరి.