చీకటి చేసే మేలు

రాత్రి తొమ్మిది దాటింది. అన్నాలు తిన్నాం. అంట్లు తోమాం. ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. టీవీ నడుస్తూనే ఉంది. పిల్లలు ఆ వెలుతురులోనే పడుకున్నారు. మనమూ నడుం వాల్చాం. నిద్ర పట్టదు. పొద్దున లేస్తే ఒళ్లంతా బద్ధకం. ఎందుకిట్లా?

మన మెదడు నడుమ ఒక చిన్న గ్రంథి ఉంది. సుమారు బియ్యపు గింజంత ఉంటుంది. దాని పేరు పీనియల్ గ్రంథి. చీకటి పడ్డాక అది ఒక పదార్థాన్ని తయారుచేసి రక్తంలో కలుపుతుంది. దాని పేరు మెలటోనిన్. "రాత్రి అయింది, ఇక పడుకో" అని ఒంటికి కబురు చెప్పేది ఇదే. తెల్లవారేసరికి ఇది తగ్గిపోతుంది.

చీకటి పడిందని గ్రంథికి ఎట్లా తెలుస్తుంది? కళ్ల ద్వారా తెలుస్తుంది. కంట్లో వెలుతురు పడితే ఆ సంగతి మెదడుకు చేరుతుంది. ఇంకా పగలే అనుకుని గ్రంథి పని తగ్గిస్తుంది.

ఎండే కానక్కర లేదు. ఇంట్లో దీపం కూడా చాలు. 2011లో అమెరికాలో 116 మందిని పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. పడుకునే ముందు 8 గంటలు వాళ్లను మామూలు గది వెలుతురులో ఉంచి చూశారు. బాగా మసక వెలుతురులోనూ ఉంచి చూశారు. గది వెలుతురులో మెలటోనిన్ ఆలస్యంగా మొదలైంది. అది ఒంట్లో ఉండే సమయం సుమారు గంటన్నర తగ్గింది.

తెల్లని, నీలి వెలుతురు ఎక్కువ అడ్డు. సెల్‌ఫోను వెలుతురూ అలాంటిదే. పసుపు, ఎరుపు వెలుతురు తక్కువ అడ్డు.

అక్కలారా! ఇంట్లో అందరికన్నా చివర పడుకునేది మనమే. ముందు లేచేదీ మనమే. ఉన్న కాస్త నిద్రయినా బాగా పట్టాలి గదా! అందుకే ఇవి చేద్దాం.

* పడుకునే ముందు గంటసేపు పెద్ద లైటు ఆర్పుదాం. చిన్న పసుపు బల్బు వేసుకుందాం.
* ఫోను, టీవీ కట్టేద్దాం.
* రాత్రి బిడ్డకు పాలివ్వాలంటే మసక దీపం చాలు.
* పొద్దున కాసేపు ఎండలో ఉందాం.

ఒక్క మాట. రాత్రి బయటికి వెళ్లాలంటే టార్చిలైటు తప్పకుండా తీసుకోవాలి. నిద్ర చెడినా ఫరవాలేదు, పాము మీద కాలు పడకూడదు.

దిగులు, నొప్పులు, జబ్బుల వల్ల కూడా నిద్ర పట్టకపోవచ్చు. చాలా రోజులు అట్లాగే ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. సొంతంగా నిద్రమాత్రలు మింగకూడదు.

మాట్లాడుకుందాం

1. మెలటోనిన్ ఎప్పుడు తయారవుతుంది?
2. మీ ఇంట్లో చివరి లైటు ఎన్ని గంటలకు ఆరుతుంది? ఎవరు ఆర్పుతారు?
3. ఆ పని గంట ముందే జరగాలంటే ఇంట్లో ఎవరెవరు సాయం చేయాలి?