సముద్రం అడుగున గ్యాసు గొట్టం

ఈసారి గోడ పత్రికలో నేను ఒక గొట్టం గురించి రాస్తున్నాను. అది మామూలు గొట్టం కాదు. రెండు దేశాల మధ్య సముద్రం అడుగున పడుకొని ఉన్న గొట్టం. దాని పేరు బాల్టిక్ కనెక్టర్. దాని ఒక కొస ఫిన్లాండ్ దేశంలో ఉంది, రెండో కొస ఎస్తోనియా దేశంలో ఉంది. 2023లో ఆ గొట్టం ఒక్క రాత్రిలో పగిలిపోయింది. అది కూడా చలికాలం ముందు. అయినా ఆ రెండు దేశాలకు గ్యాసు ఆగిపోలేదు. ఎందుకు ఆగిపోలేదు అనేదే ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఓపికగా చివరిదాకా చదవండి.

1. సహజవాయువు అంటే ఏమిటి?

మన వంటగదిలో సిలిండరులో ఉండేది ఎల్.పి.జి. అందులో ప్రొపేన్, బ్యూటేన్ అనే వాయువులు ఉంటాయి. వాటిని గట్టిగా నొక్కితే ద్రవంగా మారిపోతాయి. అందుకే సిలిండరులో పట్టి లారీల మీద ఊరూరికీ పంపుతారు.

సహజవాయువు వేరు. అందులో ఎక్కువ భాగం మీథేన్. ఒక కార్బన్ పరమాణువు, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు కలిస్తే ఒక మీథేన్ అణువు. ఇది గాలికన్నా తేలిక. దీన్ని మామూలు వేడిలో ఎంత నొక్కినా ద్రవం కాదు. మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిస్తేనే ద్రవం అవుతది. అప్పుడు 600 లీటర్ల వాయువు సుమారు 1 లీటరు ద్రవంగా తగ్గిపోతది. దీన్ని ఎల్.ఎన్.జి. అంటారు.

కాబట్టి సహజవాయువును ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపాలంటే ముఖ్యంగా రెండు దారులు. ఒకటి, గొట్టం వేసి వాయువుగానే పంపడం. రెండోది, ద్రవంగా మార్చి ఓడలో పంపడం. ఈ రెండు దారులను గుర్తు పెట్టుకోండి. కింద మళ్లీ వస్తాయి.

2. ఆ దేశాలు ఎక్కడ ఉన్నాయి?

క్లాసులో ఉన్న ప్రపంచ పటంలో ఐరోపా ఖండం పై భాగం చూడండి. అక్కడ బాల్టిక్ సముద్రం కనిపిస్తది. దాని నుంచి తూర్పు వైపుకు చెయ్యి చాపినట్టు ఒక పాయ పోతది. అదే ఫిన్లాండ్ సింధుశాఖ. దానికి ఉత్తర ఒడ్డున ఫిన్లాండ్, దక్షిణ ఒడ్డున ఎస్తోనియా, తూర్పు కొసన రష్యా ఉన్నాయి. ఫిన్లాండ్ జనాభా సుమారు 56 లక్షలు. ఎస్తోనియా జనాభా సుమారు 14 లక్షలు. చలికాలంలో అక్కడ మంచు పడతది. సముద్రం కూడా గడ్డ కడతది.

ఈ రెండు దేశాల భాషలు చుట్టాలు. ఫిన్నిష్ భాషలో నీళ్లను వెసి అంటారు. ఎస్తోనియా భాషలో కూడా వెసి అనే అంటారు. మా కోయ భాషలో నీళ్లను ఏర్ అంటాం. గోండి వాళ్లు కూడా ఏర్ అంటారు. అలాంటి చుట్టరికమే వాళ్లదీ. మధ్యలో సముద్రం ఉన్నా మాట కలుస్తది.

3. గొట్టం ఎందుకు వేశారు?

ఫిన్లాండ్ కు 1974 నుంచి రష్యా గొట్టం ద్వారా గ్యాసు వస్తూ ఉండేది. బయటి నుంచి గొట్టంలో వచ్చే గ్యాసు అంతా ఆ ఒక్క దేశానిదే. వేరే దేశంతో కలిపే గొట్టం లేదు.

ఇందులో కష్టం ఏమిటంటే, సంతలో ఒకే షావుకారు ఉన్నాడు అనుకోండి. ఉప్పు ఆయన దగ్గరే కొనాలి, మన చింతపండు, అడ్డాకు ఆయనకే అమ్మాలి. అప్పుడు ఆయన చెప్పిందే ధర. ఆయన కొట్టు మూస్తే మనకు ఉప్పు లేదు. గిరిజనుల సరుకు గిట్టుబాటు ధరకు కొనడానికి 1956లో జి.సి.సి. పెట్టింది ఇలాంటి కష్టం తీర్చడానికే. అమ్మేవాడు మంచివాడా చెడ్డవాడా అన్నది కాదు ఇక్కడ మాట. ఒక్కడే ఉండడం కష్టం.

అందుకని ఫిన్లాండ్, ఎస్తోనియా కలిసి బాల్టిక్ కనెక్టర్ వేసుకున్నాయి. ఖర్చులో ఎక్కువ భాగం ఐరోపా యూనియన్ ఇచ్చింది. 2020 జనవరి 1 నుంచి అందులో గ్యాసు అమ్మకం మొదలైంది. ఎస్తోనియా కింద లాత్వియా, దాని కింద లిథువేనియా దేశాలు ఉన్నాయి. వాళ్ల గొట్టాలన్నీ ఒకదానికొకటి కలిసి ఉన్నాయి. కాబట్టి ఎస్తోనియాతో కలిస్తే ఆ దేశాలన్నిటితో కలిసినట్టే.

4. గొట్టం ఎలా వేస్తారు?

ఫిన్లాండ్ లో ఇంకో అనే ఊరి నుంచి ఎస్తోనియాలో పాల్డిస్కి అనే ఊరి దాకా సముద్రం అడుగున 77 కిలోమీటర్లు ఈ గొట్టం ఉంది. రెండు వైపులా నేల మీద కూడా కొంత దూరం ఉంది. గొట్టం అడ్డుకొలత 500 మిల్లీమీటర్లు, అంటే అర మీటరు. మనలో చిన్నపిల్ల లోపల పాకగలదు.

ఇంత పొడవు గొట్టం ఒకే ముక్కగా ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కాదు. సుమారు 12 మీటర్ల ముక్కలుగా చేస్తారు. లెక్క వేయండి. 77,000 ను 12 తో భాగిస్తే 6,400 పైన ముక్కలు. వాటిని ఓడ మీదనే ఒకదానికొకటి వెల్డింగ్ చేస్తారు. అతుకు సరిగ్గా పడిందో లేదో పరీక్ష చేస్తారు. తర్వాత ఓడ ముందుకు కదులుతుంటే గొట్టం వెనక నుంచి మెల్లగా సముద్రం అడుగుకు దిగుతది. ఇనుప గొట్టం వంగుతదా అని అనుమానం వస్తది. పొడవు ఎక్కువైతే ఇనుము కూడా వెదురు లాగా వంగుతది.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఇనుప గొట్టం నీళ్లలో మునుగుతదా, తేలుతదా? మునుగుతది అని అందరూ అంటారు. మనం చదివిన ఆర్కిమెడిస్ సూత్రంతో చూద్దాం. అర మీటరు అడ్డుకొలత ఉన్న గొట్టం ఒక్క మీటరు పొడవు తీసుకుంటే, అది సుమారు 196 లీటర్ల నీటిని పక్కకు తోస్తది. ఆ నీటి బరువు 196 కిలోలు. గొట్టం గోడ మందం 12 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక మీటరు గొట్టం బరువు 145 కిలోల దగ్గర వస్తది. 145 కన్నా 196 ఎక్కువ. అంటే మూసిన గొట్టం తేలుతది! లోపల ఉన్న గ్యాసు బరువు కలిపినా ఇంకా చాలదు. అందుకే ఇలాంటి గొట్టాల చుట్టూ తుప్పు పట్టకుండా ఒక పూత వేసి, దాని మీద కాంక్రీటు తొడుగు వేస్తారు. ఆ బరువుకు గొట్టం అడుగున కదలకుండా ఉంటది. కొన్ని చోట్ల దాని మీద రాళ్లు కూడా పోస్తారు.

వేసే ముందు ఇంకో పని కూడా ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ ఈ సింధుశాఖలో వేలకొద్దీ మందుపాతరలు వేశారు. పేలనివి ఇప్పటికీ అడుగున ఉన్నాయి. గొట్టం పోయే దారిలో వాటిని వెతికి తీసేసిన తర్వాతనే పని మొదలు పెట్టారు.

గ్యాసు ఎలా నడుస్తది? నీళ్లు పైనుంచి కిందికి పోతాయి. గ్యాసు ఎక్కువ పీడనం ఉన్న చోటు నుంచి తక్కువ పీడనం ఉన్న చోటుకు పోతది. ఆ పీడనం ఇచ్చే యంత్రం పేరు కంప్రెసర్. ఈ గొట్టంలో 80 బార్ల పీడనం దాకా ఉండొచ్చు. 800 మీటర్ల లోతు నీళ్ల కింద ఎంత పీడనం ఉంటదో అంత. కంప్రెసర్లు రెండు దేశాలలోనూ ఉన్నాయి. అందుకని గ్యాసు ఇటు నుంచి అటు పోతది, అటు నుంచి ఇటు కూడా వస్తది. అవసరం ఎవరికి ఉంటే వాళ్ల వైపు.

5. రష్యా గొట్టం ఆగింది, తర్వాత లంగరు తగిలింది

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద పెద్ద యుద్ధం మొదలుపెట్టింది. తర్వాత గ్యాసు డబ్బు తమ రూబుళ్లలో కట్టాలని రష్యా అడిగింది. ఫిన్లాండ్ ఒప్పుకోలేదు. 2022 మే 21న రష్యా గొట్టం ఆగిపోయింది. 48 ఏళ్లు వచ్చిన గ్యాసు ఒక్క రోజులో ఆగింది. అప్పుడు బాల్టిక్ కనెక్టర్ ఫిన్లాండ్ ను ఆదుకుంది.

ఫిన్లాండ్ వాళ్లు అంతటితో ఊరుకోలేదు. ఎగ్జెంప్లార్ అనే పెద్ద ఓడను 10 ఏళ్లకు అద్దెకు తీసుకున్నారు. దాని పొడవు సుమారు 290 మీటర్లు. వేరే ఓడలు తెచ్చిన ఎల్.ఎన్.జి.ని అది నింపుకొని, వేడి చేసి మళ్లీ వాయువుగా మార్చి గొట్టంలోకి పంపుతది. 2022 డిసెంబరులో ఆ ఓడ ఇంకో రేవుకు వచ్చి నిలబడింది.

2023 అక్టోబరు 8, అర్ధరాత్రి దాటాక. బాల్టిక్ కనెక్టర్ లో పీడనం ఒక్కసారిగా పడిపోయింది. వాల్వులు మూసేశారు. తర్వాత కెమెరాలు దించి చూస్తే గొట్టం పగిలి ఉంది. సముద్రం అడుగున దేన్నో ఈడ్చినట్టు పొడవైన చాలు కనిపించింది. పక్కనే 6 టన్నుల లంగరు దొరికింది. అది హాంకాంగ్ జెండాతో తిరిగే న్యూన్యూ పోలార్ బేర్ అనే సరుకు ఓడది అని ఫిన్లాండ్ పోలీసులు చెప్పారు. ఆ సమయంలోనే సముద్రం అడుగున ఉన్న టెలిఫోను తీగలు కూడా దెబ్బ తిన్నాయి. 2025లో హాంకాంగ్ కోర్టులో ఆ ఓడ కెప్టెన్ మీద కేసు పెట్టారు.

లంగరు అనేది ఓడను ఆపడానికి వేసే కొక్కెం. వేల మంది పనిచేసి కోట్లు ఖర్చు పెట్టి వేసిన గొట్టానికి ఒక్క కొక్కెం చాలింది.

6. ఆ చలికాలం ఎలా గడిచింది?

గొట్టం బాగు చేయడానికి ఆరు నెలలు దాటింది. పాడైన ముక్కను కోసి తీసి కొత్త ముక్క అతికించారు. 2024 ఏప్రిల్ 22న మళ్లీ గ్యాసు వదిలారు. ఈ మధ్యలో చలికాలం మొత్తం పోయింది.

ఫిన్లాండ్ కు ఇంకో రేవులోని ఓడ గ్యాసు ఇచ్చింది. అదే మొదట చెప్పిన రెండో దారి. ఎస్తోనియాకు లాత్వియా వైపు నుంచి గ్యాసు వచ్చింది. లాత్వియాలో ఇంచుకల్న్స్ అనే చోట నేల కింద ఇసుకరాతి పొర ఉంది. ఆ రాతి సందుల్లో ఎండాకాలం గ్యాసు నింపుకొని చలికాలం తీసుకుంటారు. మనం కోతలప్పుడు గాదెలో ధాన్యం పోసుకొని వానాకాలం తిన్నట్టే. ఇంకొక సంగతి కూడా ఉంది. ఫిన్లాండ్ వాడుకునే మొత్తం శక్తిలో సహజవాయువు సుమారు 5 శాతమే. మిగతాది అణువిద్యుత్తు, కట్టె, నీరు, గాలి, నూనె వంటి వాటి నుంచి వస్తది.

ఒక గొట్టం ఉండగా ఇంకో ఓడకు అద్దె ఎందుకు, డబ్బు దండగ అని ఎవరైనా అనొచ్చు. ఆ మాటకు జవాబు 2023 అక్టోబరులో దొరికింది. రెండో దారి అవసరం రాని రోజు అది దండగ లాగానే కనిపిస్తది. మొదటి దారి తెగిన రోజు అదే అన్నం పెడతది.

7. మనం తెలుసుకోవలసింది

సముద్రం అడుగున గ్యాసు గొట్టాలు మనకు దూరం కాదు. మన కృష్ణా గోదావరి బేసిన్ లో సముద్రం కింద గ్యాసు ఉంది. 2009 నుంచి ఆ గ్యాసు గొట్టాల ద్వారా కాకినాడ దగ్గర గాడిమొగ ఒడ్డుకు వస్తున్నది. ఆ సముద్రంలో పడవలు, ఓడలు తిరుగుతాయి. అడుగున ఉన్నది కంటికి కనబడదు కాబట్టి అక్కడ ఏమీ లేదు అనుకోకూడదు. గొట్టాలు పోయే దారిని ఓడలవాళ్ల పటాలలో గుర్తు పెట్టేది అందుకే.

గొట్టం రెండు దేశాలను దగ్గర చేస్తది. ఒకరి మీద ఒకరు ఆధారపడేలా కూడా చేస్తది. రెండు వైపులా గ్యాసు పోయే గొట్టంలో ఇద్దరూ సమానం. ఒకవైపే వచ్చే గొట్టంలో వాల్వు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట. కాబట్టి గొట్టం గురించి విన్నప్పుడు దాని పొడవు ఒక్కటే అడగకూడదు. వాల్వు ఎవరి చేతిలో ఉంది, తెగితే రెండో దారి ఏది అని కూడా అడగాలి.

ప్రశ్నలు (జవాబులు నోటు పుస్తకంలో రాయండి)

1. మీథేన్ ను సిలిండరులో ద్రవంగా ఎందుకు పంపలేరు?
2. మూసిన ఇనుప గొట్టం నీళ్లలో ఎందుకు తేలుతది? మీటరు లెక్కతో చూపండి.
3. ఫిన్లాండ్ కు మూడు దారుల్లో గ్యాసు వచ్చింది. ఏ దారి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది?
4. మీ ఊరికి ఒకే దారిలో వచ్చేవి ఏమేమి ఉన్నాయి? ఆ దారి తెగితే రెండో దారి ఏది?

నాలుగో ప్రశ్నకు జవాబు ఒక్కొక్క ఊరికి ఒక్కొక్కటి వస్తది. రాసినవాళ్లు నాకు ఇవ్వండి, వచ్చే నెల గోడ పత్రికలో అన్నీ కలిపి రాస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని